కారు నడపడం, కారును చూసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

మా బంధువుల్లో ఎవరు కారు కొన్నా మొదటి వారంలో ఫోన్ నాకే వస్తుంది. "బావా, గాలి ఎంత కొట్టించాలి?", "ఏసీ వేస్తే పెట్రోలు బాగా తాగుతుందా?", "ఈ పసుపు లైటేంటి?" నేను మెకానిక్‌ని కాను. ఉద్యోగం హైదరాబాద్‌లో, ఊరు ఖమ్మం దగ్గర. పదిహేడేళ్లుగా ఆ రెంటి మధ్య తిరుగుతున్నాను. ఇంతలో మూడు కార్లు మారాయి: ఒక పాత డీజిల్, ఒక చిన్న పెట్రోలు బండి, ఇప్పుడున్నది. చెప్పిందే చెప్పలేక జవాబులన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీ బండి మాన్యువల్‌లో ఇంకోలా ఉంటే మాన్యువల్ మాటే వినండి.

కొత్త కారు ఇంటికొచ్చింది. ముందు ఏం చేయాలి?

పూజ చేయించండి. కాకపోతే నిమ్మకాయలు తొక్కించేటప్పుడు డ్రైవర్ సీట్లో బండి అలవాటున్న మనిషి కూర్చోవాలి. ఆటోమేటిక్ అయితే మరీ జాగ్రత్త. బ్రేకు మీంచి కాలు కాస్త తీస్తే చాలు, బండి తనంతట తనే పాకుతుంది. నిమ్మకాయ ఎక్కడం లేదని యాక్సిలరేటర్ తొక్కారా, ఎదురుగా హారతి పళ్లెం పట్టుకున్నవాళ్ల మీదికి దూకుతుంది. అందరినీ ముందు నుంచి తప్పుకొని పక్కకు నిలబడమనండి.

తర్వాత దేవుడి బొమ్మ. ఎడమ వైపు డ్యాష్‌బోర్డు మీద 'ఎయిర్‌బ్యాగ్' అని అచ్చు వేసి ఉంటుంది. ఆ మూత కింద బ్యాగు మడిచి ఉంటుంది. బండి దేన్నైనా గట్టిగా గుద్దితే రెప్ప వేసే లోపే ఆ మూతను చీల్చుకుని బయటికొస్తుంది. సరిగ్గా ఆ మూత మీదే రెండు వైపులా అంటుకునే టేపుతో ఇత్తడి వినాయకుణ్ణి అతికించిన బండ్లు మా పార్కింగ్‌లోనే నాలుగున్నాయి. ప్రమాదం జరిగితే ఆ ఇత్తడి ముద్ద తూటాలా పక్క సీట్లో కూర్చున్న మనిషి ముఖం మీదికే వస్తుంది. బొమ్మ పెట్టుకోవాలంటే డ్యాష్‌బోర్డు మధ్యలో, తేలికైనది, చిన్నది పెట్టుకోండి. మా బండిలో స్వామివారు చిన్న స్టిక్కరుగా ఉన్నారు.

సీటు కవర్లు కుట్టించే ముందు కూడా ఒకటి చూసుకోండి. సీటు పక్కన ఎయిర్‌బ్యాగ్ గుర్తు ఉంటే, అక్కడ కుట్టు విడిపోయేలా తయారైన కవరే వేయించాలి. మందపాటి రెగ్జిన్‌తో చుట్టూ బిగించి కుడితే బ్యాగు బయటికి రాలేదు. ఇక ముందు బంపర్‌కు ఇనుప గార్డు వద్దేవద్దు. వాటిని తీసేయించాలని కేంద్రం 2017లోనే రాష్ట్రాలకు చెప్పింది. గుద్దుకున్న దెబ్బ సెన్సర్లకు అందే తీరును అవి మార్చేస్తాయి. ఎదురొచ్చిన మనిషికి తగిలితే దెబ్బ కూడా ఎక్కువే.

ఇవన్నీ అయ్యాక గ్లవ్‌బాక్సులో ఉన్న పుస్తకం తీయండి. అంతా చదవక్కర్లేదు. టైర్ల గాలి, ఆయిల్ రకం, మీటరులో వచ్చే లైట్ల అర్థాలు, జాకీ ఎక్కడ పెట్టాలి, ఈ నాలుగు పేజీలు చాలు.

కొత్త బండిని మొదట్లో మెల్లగానే నడపాలా?

మెల్లగా అని కాదు, ఒకే వేగంతో గంటల తరబడి నడపకూడదు. మొదటి వెయ్యి కిలోమీటర్లు వేగం మారుస్తూ ఉండండి. ఇంజిన్ అరిచేలా తొక్కొద్దు, బరువు లాగించొద్దు. అంతే.

టైర్లలో గాలి ఎంత ఉండాలి?

డ్రైవర్ తలుపు తెరవండి. తలుపు ఆనుకునే చోటో, పెట్రోలు మూత లోపలి వైపో ఒక స్టిక్కర్ కనిపిస్తుంది. మీ బండికి ఎంత గాలి కావాలో అక్కడ రాసి ఉంటుంది. చిన్న కార్లకు ఎక్కువగా 30 నుంచి 36 పీఎస్‌ఐ మధ్య ఉంటుంది. ఇద్దరే ఉంటే ఒక అంకె, ఐదుగురూ సామానూ ఉంటే ఇంకో అంకె ఉండొచ్చు. టైరు గోడ మీద 'మాక్స్' అని ఉండే అంకెను చూసి కొట్టించకండి. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠం, మీ బండికి కావాల్సింది కాదు.

పంపు దగ్గర కుర్రాడు "35 కొట్టనా అన్నా?" అని అడుగుతాడు. అడిగాడంటే మంచివాడే. ఒక పంపులో అడక్కుండానే అన్నింటికీ 42 కొట్టి పంపించారు. బండి ప్రతి గుంత దగ్గరా బంతిలా ఎగురుతుంటే సస్పెన్షన్ పోయిందని టెన్షన్ పడి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ కూడా ఎత్తలేదు. గాలి తీసి, "ఇక పోండి సార్" అన్నాడు. ఆ రోజే ఐదారు వందలు పెట్టి చేతిలో పట్టుకునే గేజ్ కొనుక్కున్నాను.

గాలి ఎప్పుడూ టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. అంటే పొద్దున్నే, ఇంటి నుంచి రెండు మూడు కిలోమీటర్ల లోపు. హైవే మీద గంట నడిచాక టైరు వేడెక్కి నాలుగైదు పీఎస్‌ఐ ఎక్కువ చూపిస్తుంది. అది ఎక్కువైందని తీసేస్తే, మర్నాటి పొద్దుటికి టైరులో ఉండాల్సిన దానికన్నా తక్కువ మిగులుతుంది.

"మే నెల కదా, గాలి కాస్త తక్కువ పెట్టించు, లేకపోతే పేలుద్ది" అని పెద్దవాళ్లు చెబుతారు. జరిగేది దీనికి తలకిందులుగా ఉంటుంది. గాలి తక్కువైతే టైరు గోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది. అలా వంగి వంగి లోపలే వేడి పుడుతుంది. ఎండ వేడి, రోడ్డు వేడి, బండి బరువు దానికి తోడైతే హైవే మీద పేలేది ఆ టైరే. ఎండాకాలమైనా స్టిక్కర్ అంకే పెట్టండి. పదిహేను రోజులకోసారి చూడండి. స్టెప్నీలో కూడా చూడండి, అందరూ మర్చిపోయేది దాన్నే.

నైట్రోజన్ కొట్టిస్తే మంచిదా?

మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. ఉచితంగా కొడితే కొట్టించుకోండి. డబ్బులు పెట్టి కొట్టించుకునేంత తేడా మన కార్లకు రాదు.

టైర్లు ఎప్పుడు మార్చాలి?

గాడుల్లో అక్కడక్కడా చిన్న రబ్బరు గట్లు ఉంటాయి. టైరు అరిగి ఆ గట్లతో సమానమైందంటే లోతు 1.6 మి.మీ.కు వచ్చినట్టు. అక్కడితో దాని ఆయుష్షు అయిపోయింది. వానలో అంతకన్నా ముందే పట్టు తప్పుతుంది.

అరగకపోయినా వయసు చూడాలి. టైరు గోడ మీద నాలుగంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో తయారైందని. ఐదారేళ్లు దాటితే, గాడులు ఎంత బాగున్నా, పక్కల సన్నని పగుళ్లు ఉన్నాయేమో చూపించండి. సెకండ్‌హ్యాండ్ కారు కొనేటప్పుడు నేను ముందు చూసేది ఇదే. ముప్పై వేలే తిరిగిందని చెప్పిన బండికి నాలుగు టైర్లూ మార్చి ఉంటే, మీటరు మీద అనుమానం రావాల్సిందే.

టెంపరేచర్ సూది పైకి పోతోంది. ఏం చేయాలి?

ఏసీ ఆపండి. ఎడమ పక్కకు తీసి, ఇంజిన్ ఆపండి. బానెట్ ఎత్తి, అరగంటకు తక్కువ కాకుండా అలాగే వదిలేయండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం తిప్పొద్దు. లోపల నీళ్లు వంద డిగ్రీలు దాటి, ఒత్తిడిలో ఉంటాయి. మూత కదిలిందంటే ఆవిరి, మరిగే నీళ్లు మొహానికే కొడతాయి. నకిరేకల్ దగ్గర ఒక లారీ డ్రైవరన్న నా చేతిలోంచి గుడ్డ లాక్కుని మరీ ఆపాడు. అప్పటికి నాకు ఈ సంగతి తెలియదు.

చల్లారాక ప్లాస్టిక్ డబ్బాలో కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం) మినిమమ్, మ్యాక్సిమమ్ గీతల మధ్య ఉందేమో చూడండి. తగ్గితే మాన్యువల్‌లో చెప్పిన రకమే పోయాలి. దారిలో ఏదీ దొరక్కపోతే మినరల్ వాటర్ పోసి షెడ్డు దాకా వెళ్లొచ్చు. తర్వాత కూలెంట్ మార్పించేయాలి. బోరు నీళ్లు పోయడం అలవాటు చేసుకోకండి. మన జిల్లాల్లో చాలాచోట్ల బోరు నీళ్లు ఎంత చౌడుగా ఉంటాయో బకెట్ అడుగున చూస్తే తెలుస్తుంది. ఆ తెల్ల పొరే రేడియేటర్ సన్న గొట్టాల్లోనూ కడుతుంది. కూలెంట్ మళ్లీ మళ్లీ తగ్గుతోందంటే ఎక్కడో కారుతున్నట్టే. పోస్తూ పోవడం కాదు, కారేది ఎక్కడో వెతికించాలి.

ఎండలో నిలబెట్టిన బండిని త్వరగా చల్లబరచడం ఎలా?

ఎక్కగానే ఏసీ ఫుల్లు పెట్టి అద్దాలు మూసుకుంటే ఆ పొయ్యి గాలే లోపల తిరుగుతుంది. నాలుగు అద్దాలూ దించి ఒక నిమిషం నడపండి, వేడి బయటికి పోతుంది. అప్పుడు అద్దాలు ఎక్కించి, బయటి గాలి రాకుండా లోపలి గాలే తిరిగే బటన్ నొక్కండి. ఏసీ సరిగా చల్లబడటం లేదంటే ముందు క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. చాలా బండ్లలో గ్లవ్‌బాక్సు వెనకే ఉంటుంది. దుమ్ముతో కంబళిలా తయారై ఉంటుంది. గ్యాస్ నింపాలని ఎవరైనా అంటే, ఫిల్టర్ చూశాకే ఒప్పుకోండి.

పిల్లలను బండిలో వదిలి "రెండు నిమిషాల్లో వస్తా" అని దుకాణంలోకి వెళ్లకండి. నీడలో ఉన్నా సరే, అద్దాలు కాస్త దించినా సరే. మూసిన షెడ్డులో ఇంజిన్ ఆన్‌లో పెట్టి ఏసీలో నిద్రపోవద్దు. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు.

కంపెనీ లీటరుకు 22 అంది. నాకు 15 దాటడం లేదు. బండిలో లోపమా?

కంపెనీ అంకె ల్యాబులో రోలర్ల మీద, ఒక పద్ధతి ప్రకారం నడిపి తీసింది. అందులో అమీర్‌పేట సిగ్నల్ లేదు. సిటీలో మూడో వంతు దాకా తగ్గడం మామూలే. మీటరులో చూపించేదాన్ని కూడా పూర్తిగా నమ్మకండి. ట్యాంకు ఫుల్ చేయించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, నాలుగైదు వందల కిలోమీటర్లు తిరిగాక అదే పంపులో మళ్లీ ఫుల్ చేయించండి. తిరిగిన దూరాన్ని రెండోసారి పట్టిన లీటర్లతో భాగిస్తే అసలు లెక్క తేలుతుంది.

హైవే మీద మైలేజీని తినేది వేగం. గాలి అడ్డు వేగంతో సమానంగా పెరగదు, దాని వర్గంలో పెరుగుతుంది. 80 నుంచి 110కి పోతే అడ్డు దాదాపు రెట్టింపు. నేను ఒక నెల 85 దాటకుండా, ఇంకో నెల అందరిలాగే పరిగెత్తించి చూశాను. సూర్యాపేటకు ఇరవై నిమిషాలు ముందు చేరాను. ఆ ఇరవై నిమిషాలూ అక్కడ టీ కొట్టు దగ్గరే అయిపోయాయి. పైకప్పు మీద క్యారియర్ ఉంటే, సామాను లేనప్పుడు విప్పేయండి. అది కూడా గాలికి అడ్డే.

సిటీలో అయితే ముందు సిగ్నల్ ఎర్రగా ఉందని కనబడుతున్నా యాక్సిలరేటర్ తొక్కి, దగ్గరికొచ్చి బ్రేకు వేయడం మానేయాలి. సగం క్లచ్ మీద పాదం ఆనించి నడపడం కూడా. క్లచ్ ప్లేట్లు పోతే ఆ ఖర్చు ముందు మైలేజీ లెక్క ఎందుకూ పనికిరాదు.

దిగువకు న్యూట్రల్‌లో వదిలితే పెట్రోలు ఆదా అవుతుందిగా?

కార్బురేటర్ల కాలం మాట అది. ఇప్పటి ఇంజిన్లలో గేర్‌లో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే కంప్యూటర్ ఇంధనం పూర్తిగా ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతుంటాయి. న్యూట్రల్‌లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి ఎంతో కొంత తాగాల్సిందే. అంటే ఆదా అనుకున్నది ఖర్చు. పైగా బండి పట్టు తప్పుతుంది, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది.

ఈ20 (ఇరవై శాతం ఇథనాల్ కలిపిన) పెట్రోలుతో మైలేజీ తగ్గుతుందా? పాత బండికి ప్రమాదమా?

తగ్గుతుంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. ఇరవై శాతం కలిపితే, ఏమీ కలపని పెట్రోలుతో పోల్చినప్పుడు లెక్క ప్రకారం 6, 7 శాతం తేడా. ఇంతకు ముందు మనం వాడింది కూడా పది శాతం కలిపినదే కాబట్టి, దాంతో పోలిస్తే తేడా అందులో సగమే. మీ ఇంజిన్ ఈ మిశ్రమానికి ట్యూన్ చేసి ఉంటే ఇంకా తక్కువే కనిపిస్తుంది. సగానికి సగం పడిపోయిందంటే మాత్రం దానికి ఈ20 కారణం కాదు, వేరే ఏదో ఉంది.

2023 ఏప్రిల్ నుంచి తయారైన కార్లలో పైపులు, సీళ్లు దీన్ని తట్టుకునేవే వాడుతున్నారు. అంతకంటే పాతదైతే సర్వీసుకు ఇచ్చినప్పుడల్లా ఇంధనం పైపులు, రబ్బరు సీళ్లు చూడమని చెప్పండి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. బండిని నెలల తరబడి ట్యాంకులో కాస్త పెట్రోలుతో వదిలేయడం ఇప్పుడు మరీ మంచిది కాదు.

సర్వీసింగ్ బిల్లు చూస్తే గుండె గుభేలుమంటోంది. అందులో నిజంగా ఏవి అవసరం?

నా బండికి ఒక సర్వీసులో 11,800 అంచనా ఇచ్చారు. "ఒక్కో లైనూ ఏమిటో చెప్పండి" అని కూర్చున్నాను. ఇంజిన్ డీకార్బనైజింగ్, ఏసీ డిస్‌ఇన్‌ఫెక్షన్, ఇంటీరియర్ షాంపూ, వైపర్లు. మాన్యువల్‌లో ఆ కిలోమీటర్లకు చెప్పిన పట్టికలో ఇవి ఒక్కటీ లేవు. కొట్టేయించాక బిల్లు 6,900 అయింది. వైపర్లు ఒక్కటే నిజంగా పాడయ్యాయి, బయట కొని నేనే వేసుకున్నాను.

మానకూడనివి వేరే ఉన్నాయి. ఇంజిన్ ఆయిల్, ఆయిల్ ఫిల్టర్: చాలా కార్లకు పది వేల కిలోమీటర్లు లేదా ఏడాది, ఏది ముందైతే అది. బండి మూడు వేలే తిరిగిందని రెండేళ్లు ఆయిల్ మార్చకపోవడం తప్పు. ఆయిల్ రకం కూడా 0డబ్ల్యూ-20 అని ఉంటే అదే పోయించాలి. "ఎండ ఎక్కువ కదా సార్, చిక్కటిది వేద్దాం" అంటే ఒప్పుకోవద్దు. బ్రేక్ ఆయిల్‌ను దాదాపు అందరూ మర్చిపోతారు. అది గాలిలో తేమను లాక్కుంటుంది, అప్పుడు అది మరిగే వేడి తగ్గిపోతుంది. మామూలుగా రెండేళ్లకోసారి మార్పించాలి. మీ ఇంజిన్‌కు టైమింగ్ బెల్టు ఉంటే, మార్చాల్సిన కిలోమీటర్లు ఎక్కడైనా రాసి పెట్టుకోండి. అది నడుస్తుండగా తెగితే చాలా ఇంజిన్లలో వాల్వులు వంగిపోతాయి.

నెలకోసారి, బండి చల్లగా, చదునుగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ పెట్టి తీసి చూడండి. ఆయిల్ రెండు గుర్తుల మధ్య ఉంటే చాలు. మొత్తం రెండు నిమిషాల పని.

మీటరులో లైటు వెలిగింది. బండి ఆపాలా, ఇంటిదాకా పోవచ్చా?

ఎరుపైతే ఆపాలి. పసుపైతే ఒకటి రెండు రోజుల్లో చూపించాలి. ఎరుపులోనూ నూనె డబ్బాలా ఉండే ఆయిల్ లైటు అన్నింటికన్నా తొందర పెట్టేది. అది వెలిగాక ఇంకో రెండు కిలోమీటర్లు నడిపినా ఇంజిన్ పట్టేయొచ్చు. బ్యాటరీ గుర్తు ఎర్రగా నిలిచిపోతే ఛార్జింగ్ అవడం లేదని. బండి కాసేపు నడుస్తుంది, కానీ ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. పసుపు ఇంజిన్ గుర్తు నిలకడగా ఉంటే మెల్లగా వెళ్లొచ్చు. అదే గుర్తు కొట్టుకుంటూ ఉంటే వేగం తగ్గించి దగ్గరి షెడ్డుకు పోవాలి.

బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనలకు తగ్గ) డీజిల్ బండ్లలో పొగ గొట్టం గుర్తు ఒకటి వస్తుంది. రోజూ ఐదు కిలోమీటర్లు ఆఫీసుకు పోయి వచ్చే బండ్లకే ఎక్కువ వస్తుంది. పొగలోని మసిని పట్టే ఫిల్టర్ నిండిందని అర్థం. ఆ మసి కాలిపోవాలంటే ఇంజిన్ బాగా వేడెక్కాలి. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట ఆగకుండా నడిపితే చాలాసార్లు అదే పోతుంది. రోజూ సిటీలో చిన్న చిన్న దూరాలు తిరిగేవాళ్లకు డీజిల్ వద్దని నేను చెప్పేది ఇందుకే.

బ్యాటరీ డౌన్ అయింది. పక్క బండి నుంచి కేబుల్ ఎలా కలపాలి?

ఎర్ర తీగ ఒక కొస మీ బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్ల తీగ ఒక కొస మంచి బ్యాటరీ మైనస్‌కు. రెండో కొస మీ బ్యాటరీకి కాదు, కాస్త దూరంగా ఇంజిన్ మీద రంగు లేని ఇనుముకు. నిప్పురవ్వ లేస్తే బ్యాటరీ దగ్గర లేవకూడదు, అందుకు. మంచి బండి స్టార్ట్ చేసి, కాసేపాగి మీది చేయండి. తీసేటప్పుడు చివర కలిపిన కొస నుంచి మొదలుపెట్టి వెనక్కి రండి. మన ఎండలకు మూడు నుంచి ఐదేళ్లు వచ్చిందంటే బ్యాటరీ తన పని తాను చేసినట్టే.

ఎలుకలు వైర్లు కొరికేస్తున్నాయి. మందేమైనా ఉందా?

రకరకాలు వాడాను. పొగాకు కట్ట, నాఫ్తలిన్ ఉండలు, స్ప్రే. కొన్ని రోజులే పనిచేస్తాయి. నిజంగా పనిచేసింది బండిలో తిండి లేకుండా చూడటం. సీటు కింద పడిన మురుకు ముక్క చాలు, రావడానికి. తరచూ వాడే బండిలో అవి కాపురం పెట్టవు. చెత్తకుండీ పక్కన నిలపకండి. రెండు మూడు రోజులు తీయని బండిని స్టార్ట్ చేసే ముందు బానెట్ ఎత్తి చూడండి. పిల్లి కూడా పడుకుని ఉండొచ్చు.

రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. వెళ్లొచ్చా?

లోతు తెలియకపోతే వెళ్లొద్దు. ముందు పోయే బైకు చక్రం సగం మునిగిందంటే వెనక్కి తిప్పండి. ఇంజిన్ పీల్చే గాలి గొట్టంలోకి నీళ్లు వెళ్తే అవి సిలిండర్లోకి చేరతాయి. గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. పిస్టన్ పైకి వచ్చి నీళ్లకు కొట్టుకుంటే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

నీళ్లలో బండి ఆగిపోతే మళ్లీ తాళం తిప్పొద్దు. నష్టం ఎక్కువగా జరిగేది ఆ రెండో ప్రయత్నంలోనే. 2024 సెప్టెంబర్ మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కార్లు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. మా పిన్ని కొడుకు బండి కూడా అందులో ఉంది. నీళ్లు తీయగానే వాడు చేసిన మంచి పని ఒకటే: స్టార్ట్ చేయలేదు. బ్యాటరీ తీగ విప్పి, ఫొటోలు తీసి, ఇన్సూరెన్స్ వాళ్లకు ఫోన్ చేసి, క్రేన్ మీద షెడ్డుకు పంపించాడు. ఇంజిన్ దక్కింది. పక్కింటివాళ్లు "నడుస్తుందేమో" అని ఒకసారి తిప్పి చూశారు, వాళ్లది పోయింది. ఇలా పాడైన ఇంజిన్‌కు మామూలు పాలసీలో సాధారణంగా డబ్బు రాదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అని విడిగా తీసుకోవాలి. లోతట్టు కాలనీలో ఉండేవాళ్లకు ఆ కొంచెం ప్రీమియం దండగ కాదు.

వాగు పారుతున్న చప్టా మీదికి అసలే వెళ్లొద్దు. అడుగు లోతు పారే నీళ్లు చిన్న కారును పక్కకు నెట్టేయగలవు. ఒకవేళ చిక్కుకుంటే తలుపుతో కుస్తీ పట్టకండి, బయటి నీళ్లు దాన్ని తెరవనివ్వవు. కరెంటు ఉన్నప్పుడే ముందు అద్దం దించండి.

ఘాట్ రోడ్డు మీద బ్రేకులు ఫెయిల్ అవుతాయని భయం. ఎలా దిగాలి?

ఎక్కిన గేర్‌లోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పేది నిజం. రెండో గేర్‌లో ఎక్కిన చోట రెండో గేర్‌లోనే దిగండి. ఇంజినే బండిని పట్టి ఉంచుతుంది, బ్రేకు మలుపుల దగ్గరే అవసరమవుతుంది. ఆటోమేటిక్‌లో 'ఎల్' గానీ మాన్యువల్ మోడ్ గానీ వాడండి, 'డి'లో వదిలేయకండి. బ్రేకు మీద కాలు ఆనించే ఉంచితే ప్యాడ్లు కాలిన వాసన వస్తుంది. ఆ వాసన వచ్చిందంటే పట్టు తగ్గుతున్నట్టే. ఆగే చోటు చూసి ఇరవై నిమిషాలు ఆరనివ్వండి. వేడి మీద నీళ్లు చల్లొద్దు.

తిరుమలలో దిగడానికి కనీసం 40 నిమిషాలు, ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు పట్టాలన్న నియమం ఉంది. దర్శనమై లడ్డూలు చేతికొచ్చాక అందరికీ రైలు గుర్తొస్తుంది. ఆ తొందరకే ఈ నియమం. ఇరుకైన ఘాట్‌లో ఎదురెదురు పడితే ఎక్కే బండికి దారివ్వాలి. శ్రీశైలం వెళ్లేవాళ్లు ఇంకోటి చూసుకోండి: మన్ననూరు, దోమలపెంట మధ్య అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. గేటు పడుతుందేమోనని మలుపుల్లో పరిగెత్తించడం కన్నా మధ్యాహ్నమే బయల్దేరడం నయం.

రాత్రి పూట ఊరు వెళ్లాలి. ప్రత్యేకంగా ఏం చూసుకోవాలి?

వానాకాలం పంట కోతలప్పుడూ, యాసంగి కోతలప్పుడూ మన పల్లె రోడ్ల మీద సగం దాకా వడ్లు ఆరబోస్తారు. చీకటి పడగానే కుప్ప చేసి నల్ల పరదా కప్పి చుట్టూ రాళ్లు పెడతారు. నల్ల రోడ్డు మీద నల్ల పరదా. ఎదుటి బండి లైటు కళ్లలో పడినప్పుడు అది కనిపించదు. కనిపించినా రాయి కనిపించదు. ఆ నెలల్లో ఊరి రోడ్డు ఎక్కాక నేను 40 దాటను. వెనక లైట్లు లేని ట్రాక్టర్ ట్రక్కులూ, చెరువు నుంచి ఇంటికొచ్చే గేదెలూ సరేసరి. కొన్ని చోట్ల ఉలవ, కంది కట్టె రోడ్డు మీద పరిచి బండ్లతో తొక్కిస్తారు. ఆ కట్టె కింద చుట్టుకుంటే వేడి పైపుకు తగిలి అంటుకుంటుంది. దాటాక ఆపి కిందికి ఒకసారి వంగి చూడండి.

ఎదురుగా బండి వస్తే డిప్ కొట్టండి. అవతలివాడు కొట్టకపోయినా మీరు కొట్టండి, ఇద్దరికీ కళ్లు కనపడకపోతే లాభమేముంది? మీకు వెలుగు మరీ గుచ్చుకుంటే ఎడమ అంచు తెల్ల గీతను చూస్తూ వేగం తగ్గించండి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య నిద్ర ముంచుకొస్తే టీ, పాటలు, అద్దం దించడం ఏవీ ఆపవు. వెలుతురున్న పంపులో ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి.

వెనక కూర్చున్నవాళ్లకూ బెల్టు అవసరమా?

అవసరమే, చట్టం ప్రకారం కూడా. పెట్టుకోకపోతే జరిమానా వెయ్యి రూపాయలు. 2022 సెప్టెంబర్‌లో పాల్ఘర్ దగ్గర ప్రమాదంలో పోయిన పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ వెనక సీట్లోనే ఉన్నారు, బెల్టు పెట్టుకోలేదని పోలీసులు చెప్పారు. ఖరీదైన బండే. బెల్టు లేని మనిషి ముందు సీటు మీదికి విసురుగా వస్తే ముందున్నవాళ్లకూ దెబ్బే. అమ్మమ్మ "ఊపిరాడదు నాయనా" అంటే నడుము పట్టీని పొట్ట మీద కాకుండా తుంటి ఎముక మీద, పై పట్టీని మెడకు కాకుండా భుజం మీదికి సర్ది చూడండి. మా అమ్మ ఇలాగే ఒప్పుకుంది.

పసిపిల్లను ముందు సీట్లో ఒళ్లో పెట్టుకోవడం మానాలి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకుంటే మధ్యలో ఉండేది ఆ బిడ్డే. వెనక సీట్లో చైల్డ్ సీటు బిగించండి. వెనక్కి తిరిగి ఉండే సీటును ఎయిర్‌బ్యాగ్ ఉన్న ముందు సీట్లో ఎప్పుడూ పెట్టొద్దు.

హైవే మీద పంక్చరైతే?

బ్రేకు గట్టిగా తొక్కకుండా, స్టీరింగ్ నిటారుగా పట్టుకుని వేగం తగ్గనిచ్చి ఎడమ అంచుకు తీయండి. నాలుగు ఇండికేటర్లూ వేసి, త్రికోణం బోర్డు తీసి బండికి బాగా వెనక పెట్టండి. ఇంట్లోవాళ్లను రెయిలింగ్ అవతల నిలబెట్టండి, బండిలో కూర్చోబెట్టొద్దు. జాకీ ఎత్తక ముందే నట్లు ఒక చుట్టు వదులు చేయాలి. ఎత్తాక చక్రం గాల్లో తిరుగుతుంటే నట్లు రావు. స్టెప్నీ చిన్న సైజుదైతే దాని మీద ఉన్న వేగం దాటొద్దు, చాలావాటికి అది 80. చోటు ప్రమాదంగా అనిపిస్తే టైరు సంగతి తర్వాత, ముందు 1033కు ఫోన్ చేయండి. జాతీయ రహదారుల సహాయం నంబరు అది.

దారిలో యాక్సిడెంట్ చూస్తే ఆగితే కేసుల్లో ఇరుక్కుంటామా?

లేదు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 134ఏ అని ఒక సెక్షన్ ఉంది. సాయం చేసినవాళ్ల మీద కేసు ఉండదు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. 108కి గానీ 112కి గానీ ఫోన్ చేసి కిలోమీటరు రాయి మీది అంకె చెప్పండి.

ఏ కాగితాలు ఉండాలి?

లైసెన్స్, ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్. డిజిలాకర్‌లో ఉన్నా చెల్లుతుంది. బీఎస్4, బీఎస్6 బండ్లకు పొల్యూషన్ ఏడాదికోసారి.

మా అబ్బాయి అమెరికాలో ఉంటాడు. కారు మా ఇంట్లో కవరు కింద ఉంది. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచుతున్నాం. చాలా?

చాలదు మామయ్యా, పైగా నష్టం. స్టార్ట్ చేయడానికి బ్యాటరీ ఖర్చు పెట్టిన ఛార్జి ఐదు నిమిషాల్లో తిరిగి రాదు. ఇంజిన్ వేడెక్కకముందే ఆపేస్తే పొగ గొట్టంలో, ఆయిల్‌లో తేమ మిగిలిపోతుంది. పది పదిహేను రోజులకోసారైనా ఎవరితోనైనా అరగంట రోడ్డు మీద తిప్పించండి, మధ్యలో ఏసీ వేయించండి. అదీ కుదరకపోతే బ్యాటరీ మైనస్ తీగ విప్పేయండి. టైర్లలో గాలి నిండుగా పెట్టి నెలకోసారి బండిని కాస్త ముందుకో వెనక్కో జరపండి, లేకపోతే ఒకేచోట చదునవుతాయి. హ్యాండ్‌బ్రేక్ లాగి వదిలేయొద్దు, వానాకాలంలో పట్టేస్తుంది. చదునైన చోట గేర్‌లో పెట్టి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టండి. ఎవరో తెలియక బండి తీయబోతారు, స్టీరింగ్ మీద "ఇటుకలు ఉన్నాయి" అని చీటీ అంటించండి.